సున్నాకు ఎన్ని దెబ్బలు?

ఆ రోజుల్లో మాకు రహస్యాలు తక్కువ, తాళాలు ఎక్కువ. ఇంటికి తాళం, పెట్టెకు తాళం, బియ్యం డబ్బాకు తాళం, సైకిలుకు తాళం. మా మేనమామ ఒకాయన పెళ్లికి వెళితే చెప్పులు రెండింటికీ గొలుసు వేసి పందిరి గుంజకు తాళం పెట్టి మరీ భోజనానికి కూర్చునేవాడు (ఒకసారి గుంజతో సహా పోయాయి, అది వేరే సంగతి). ఇప్పుడు తాళాలు పోయి పాస్‌వర్డులు వచ్చాయి. మొన్న సాయంత్రం మా మనవరాలు, దాని స్నేహితులు నలుగురు మా వరండాలో కూర్చుని, సెల్‌ఫోన్లో వచ్చే ఏదో ధారావాహిక గురించి గంటసేపు కొట్టుకున్నారు. అందులో ఒకడు టోపీ ముఖం మీదికి లాక్కుని చీకటి గదిలో కూర్చుని ఊళ్లో ఉన్న కంప్యూటర్లన్నీ తెరిచేస్తాడట. "అట్లెట్ల తెరుస్తడే, అంత ఈజీ అయితే అందరం తెరుస్తం" అని ఒకమ్మాయి. "నువ్వు మూడో ఎపిసోడ్ సరిగ్గ చూడలే, వాడు ముందుగాల ఆమె కుక్క పేరు కనుక్కున్నడు" అని ఒకబ్బాయి. కుక్క పేరుకూ కంప్యూటరుకూ సంబంధం ఏమిటని నేను పేపరు అడ్డం పెట్టుకుని విన్నాను. తేలిందేమిటంటే మా మనవరాలి పాస్‌వర్డు కూడా మా కుక్క పేరేనట. నిర్ఘాంతపోయాను. రోజుకు పదిసార్లు గేటు దగ్గర నిలబడి వాడకట్టంతా వినేలా నేను అరిచే పేరు అది!

"తాతా, మీ కాలంల గిసొంటియి ఉంటుండెనా?" అని అడిగింది మనవరాలు, జాలిగా. ఉండేవి అన్నాను. నలుగురూ మర్యాదకు నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. అందుకే, నలభై ఏళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి ఇప్పుడు రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో నేను వరంగల్ మట్టెవాడలో ఒక బట్టల దుకాణంలో గుమస్తాగా ఉండేవాడిని. బడి నన్ను ఏడో తరగతిలో వదిలేసింది. నేను మాత్రం చదువును వదల్లేదు. దుకాణంలో గుడ్డలు చుట్టడానికి పాత పేపర్లు, పుస్తకాల కాగితాలు కట్టలుగా వచ్చేవి. వాటిని చుట్టే ముందు చదివేవాడిని. భూగోళం, వైద్యం, న్యాయశాస్త్రం, చేపల పెంపకం, ఏదీ విడిచిపెట్టలేదు. ఇబ్బంది ఒక్కటే. ప్రతి కాగితమూ ఎక్కడో ఒకచోట చిరిగి ఉండేది కాబట్టి నా జ్ఞానం కూడా అక్కడే ఆగేది. గుండె ఎలా కొట్టుకుంటుందో నాకు బాగా తెలుసు, ఎందుకు ఆగుతుందో తెలియదు. టెలిఫోన్ పనిచేసే తీరు మీద కూడా ఒక మంచి కాగితం దొరికింది. గొట్టంలో మాట కరెంటుగా మారడం దాకా వచ్చి, చక్రం దగ్గరికి వచ్చేసరికి చిరిగిపోయింది. మిగతా సగంలో చుట్టిన జాకెట్టు గుడ్డ ఏ తల్లి ఇంటికి వెళ్లిందో!

ఆ దుకాణంలో నల్లటి ఫోను ఒకటి ఉండేది. వేలు పెట్టి గిర్రున తిప్పే చక్రం ఫోను. మా వీధి మొత్తానికి అదొక్కటే. దుకాణం యజమాని, మా సావుకారి, దాని చక్రానికి చిన్న తాళం వేసి, తాళంచెవి నా చేతికి ఇచ్చాడు. తాళం పడ్డాక చక్రం కదలదు. వచ్చే ఫోను ఎత్తవచ్చు కానీ మనం చేయలేము. నేను ఆ తాళంచెవిని మొలతాడుకు కట్టుకున్నాను. చెబితే నమ్మరు గానీ, ఆ వేలెడు ఇనుప ముక్క నన్ను మనిషిని చేసింది. అంతవరకు "ఓ పిలగా" అన్నవాళ్లు "సార్" అనడం మొదలుపెట్టారు. దవాఖానకు ఫోను చేయాలన్నా, రైలు ఆలస్యం కనుక్కోవాలన్నా నా దగ్గరికే రావాలి. నేను కళ్లు మూసుకుని ఒక క్షణం ఆలోచించి (ఆలోచించడానికి ఏమీ ఉండేది కాదు), చొక్కా ఎత్తి, మొలతాడు లాగి, తాళం తీసేవాడిని. జీవితంలో ఇంకెప్పుడూ అంత పెద్దమనిషిని కాలేదు.

సావుకారి తల్లిని అందరం అవ్వ అనేవాళ్లం. డెబ్బై దాటిన మనిషి, రెండు కళ్లలోనూ పొరలు. మధ్యాహ్నం దుకాణం వెనుక మూటల మీద ఒరిగి పడుకునేది. అవ్వకు ఒక్కతే కూతురు, హన్మకొండలో ఒక బడిలో పంతులమ్మ. అదే బడిలో పనిచేసే క్రైస్తవుల అబ్బాయిని ఇష్టపడి, అన్న వద్దన్నా వినకుండా పెళ్లి చేసుకుంది. ఆ పెళ్లికి ముందు రోజూ మధ్యాహ్నం అవ్వ కోసం బడి ఆఫీసుకు నేనే నంబరు తిప్పి ఇచ్చేవాడిని. పెళ్లయిన మర్నాడు సావుకారి నన్ను పిలిచి, "ఇగ ఆ నంబర్ తిప్పద్దు. అమ్మ అడిగినా సరే" అన్నాడు. తాళం పుట్టింది ఆ రోజే. వారం తర్వాత అవ్వ నా దగ్గరికి తడుముకుంటూ వచ్చి, "బిడ్డా, జర ఒక్కసారి కలుపరాదు, దాని గొంతు ఇంట" అంది. నేను మొలతాడు మీద చెయ్యేసుకుని, "సావుకారి చెప్పాలె గదా అవ్వా" అన్నాను, ఏదో జడ్జి తీర్పు చెప్పినట్టు. ఆమె మళ్లీ అడగలేదు. రెండేళ్లు గడిచాయి. ఆ తీర్పు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఇక రేడియో సంగతి. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఒక అపరాధ పరిశోధన నాటకం వారం వారం వచ్చేది (పేరు చెప్పను, రాసినాయన ఇప్పుడు ఉంటే నాతో మళ్లీ తగవుకు వస్తాడు). అందులో దొంగ బంగారం ముట్టడు, డబ్బు ముట్టడు. రహస్యాలు మాత్రమే దొంగిలిస్తాడు. ఒకరి బీరువాలోని ఉత్తరం ఇంకొకరికి తెలుస్తుంది, ఒకరి ఫోను మాటలు ఇంకొకరు వింటారు. మాకు పిచ్చి పట్టింది. సోమవారం పొద్దున మా దుకాణం ఎదురుగా ఉన్న టైలరు షాపులో సభ. షాపు మా మేనత్త కొడుకుది. టైలరు బావ అనేవాళ్లం. మిషను తొక్కుతూనే నాటకంలోని అందరి గొంతులూ అనుకరించగలిగేవాడు. ఇంకొకాయన కంపౌండరన్న. పక్క వీధి డాక్టరు దగ్గర మందులు కలిపేవాడు. ఆదివారం పొద్దున చర్చి, మధ్యాహ్నం నాటకం, రెండింటినీ ఒకే భక్తితో వినేవాడు. ఆ దొంగ మారుమనసు పొందాలని ప్రార్థన కూడా చేస్తున్నానని చెప్పేవాడు.

ఒక ఆదివారం నాటకంలో ఘోరం జరిగింది. దొంగ ఒక వకీలు ఆఫీసులో దూరతాడు. అక్కడ ఫోనుకు తాళం. దొంగ నవ్వి, చక్రం ముట్టకుండా, గొట్టం పెట్టే చోట ఉండే మీటను వేలితో టకటకమని కొట్టి నంబరు కలిపేస్తాడు. నంబరులో ఎంత అంకె ఉంటే అన్ని దెబ్బలు. అంతే. నేను దుకాణంలో ఒంటరిగా వింటున్నాను. నా చెయ్యి దానంతట అదే మొలతాడు మీదికి పోయింది.

మర్నాడు టైలరు షాపులో అడుగుపెట్టేసరికి బావ అప్పటికే బల్ల మీద కత్తెరతో టకటకలాడిస్తున్నాడు.

"ఏం బామ్మర్దీ, నీ తాళంచెవి ఇగ చెవుల గుబిలి తీసుకోనీకే పనికొస్తది గావచ్చు!"

"అబద్ధం," అన్నాను. "పచ్చి అబద్ధం. రేడియో అంటే సర్కారుది. గింత మంది ఇంటుంటే గట్ల అబద్ధం చెప్పొచ్చునా?"

"అబద్ధమని నీకెట్లెరుక?"

"నంబర్ల సున్నా ఉంటే ఏం జేస్తడు? చెప్పు. ఒకటికి ఒక దెబ్బ, రెండుకు రెండు. సున్నాకు? సున్నా అంటే ఏం లేదని అర్థం. లేనిదాన్ని ఎట్ల కొడ్తవ్?"

మిషను ఆగింది. కంపౌండరన్న టీ గ్లాసు కింద పెట్టాడు. "తమ్మి చెప్పేదాంట్ల లా పాయింటు ఉన్నది" అన్నాడు మెల్లగా. "సున్నాకు కొట్టకపోతే అవుతలోళ్లకు సున్నా అని ఎట్ల తెలుస్తది? కొడితే అది సున్నా ఎట్లయితది?"

"గదే!" అన్నాను. "కాబట్టి దెబ్బల కథ ఉత్తది. చక్రంల ఇంకేదో మర్మమున్నది." (ఆ మర్మం జాకెట్టు గుడ్డతో పోయిందని మాత్రం చెప్పలేదు.)

బావ అంత తేలిగ్గా ఓడిపోయే మనిషి కాదు. "పుస్తకాల లెక్క వేరు బామ్మర్దీ, మిషన్ లెక్క వేరు. మీ ఫోను మీదనే కొట్టి చూపిస్త. షరతు?" అన్నాడు. ఉడుకు నెత్తురు కదా, షరతే అన్నాను. అంతటితో ఊరుకోక ఆ రోజే రేడియో వాళ్లకు ఏడు పేజీల ఉత్తరం రాశాను. సున్నా పుట్టుక నుంచి మొదలుపెట్టి, శాస్త్రాన్ని అవమానించినందుకు శ్రోతలకు క్షమాపణ చెప్పాలని ముగించి, సావుకారికి చదివి వినిపించి మరీ డబ్బాలో వేశాను. సావుకారికి ఉత్తరం కంటే షరతు మీద ఆసక్తి కలిగింది. "చూద్దాం. శుక్రవారం పొద్దున గిరాకీ రాకముందు నా కండ్ల ముందర కొట్టుమను. గిన వచ్చిందనుకో, వడ్లాయనతోని టేకు పెట్టె చేయించి ఫోన్ను అండ్ల పెట్టి పెట్టెకే తాళమేస్త. ఆ తాళంచెవి నా దగ్గర్నే ఉంటది" అన్నాడు. అంటే నా మొలతాడు ఖాళీ. మళ్లీ "ఓ పిలగా".

బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటకు ఎప్పటిలాగే దుకాణం తలుపు ఓరగా వేసి భోజనానికి బయలుదేరాను. సావుకారి అప్పటికే ఇంటికి వెళ్లాడు. వీధి మలుపు దాకా వెళ్లాక కళ్లద్దాలు మరిచిపోయానని గుర్తొచ్చి వెనక్కి వచ్చాను. తలుపు దగ్గరికి రాగానే లోపల నుంచి వడ్లు కొలుస్తున్న చప్పుడు వినిపించింది. వడ్ల చప్పుడు కాదు, కొలిచేటప్పుడు లెక్కపెట్టే మాట. మా వైపు ఎవరూ మొదటి కొలతను ఒకటి అనరు కదా, లాభం అంటారు. ఏడు అనే మాట నోటికి రానివ్వరు. "లాభం-రెండు-మూడు" అని ఒక్క గుక్కలో వినిపించింది. ఆగింది. మళ్లీ, "లాభం-రెండు-మూడు-నాలుగు-అయిదు-ఆరు-ఆరున్నొకటి-ఎనిమిది-తొమ్మిది-పది!" ఊపిరి తీసుకోకుండా, పరుగు పెట్టినట్టు. బట్టల దుకాణంలో పట్టపగలు వడ్లు ఎవరు కొలుస్తున్నారు? తలుపు సందులో నుంచి తొంగి చూశాను.

అవ్వ. నా కుర్చీలో కూర్చుని ఉంది. ఎడమ చేత గొట్టం చెవికి ఆనించుకుని, కుడి చేతి చూపుడు వేలితో ఫోను మీటను కొడుతోంది. తాళం వేసింది వేసినట్టే ఉంది. తాళంచెవి నా మొలలో నాకు గుచ్చుకుంటోంది. అవ్వ చివరి అంకె కూడా కొలిచి ఆగి, కాసేపటికి, "బడేనా? జర మా పిల్లను పిలువు నాయినా" అంది. మళ్లీ కొంచెం సేపటికి ఆ ముడతల ముఖమంతా విచ్చుకుంది. "బిడ్డా, తిన్నవా? ఏం కూర?"

నేను చాలా విన్నాను, చాలా చదివాను. నడి వీధిలో ఎద్దు పొడవడానికి వస్తే తప్పుకున్నాను. కానీ ఆ క్షణంలో లాగా ఎన్నడూ కొయ్యబారిపోలేదు. అక్షరం రాని, చూపు ఆనని ముసలామె, నేను రెండేళ్లుగా మొలతాడుకు కట్టి కాపలా కాస్తున్న కోటలోకి రోజూ ఒంటిగంటకు నడిచి వెళ్లి వస్తోంది! అన్నిటికంటే పెద్ద దెబ్బ, ఆ పది. సున్నాకు పది!

"చిక్కుడుకాయనా? మంచిగనే చేస్తడా అల్లుడు? సరే బిడ్డా, ఉంట" అని గొట్టం పెట్టేసి, అవ్వ తల తిప్పకుండానే అంది. "లోపలికి దా బిడ్డా. తలుపు కాడ ఊపిరి పీలుస్తానవ్, ఆయాసమొచ్చిన బర్రె లెక్క."

లోపలికి వెళ్లాను. నోట్లో నుంచి వచ్చిన మొదటి మాట (సిగ్గుతో రాస్తున్నాను) ఆమె కూతురి గురించి కాదు. "సున్నాకు పదా అవ్వా?"

"నాకు సున్నాలు గిన్నాలు ఎరుక లేదు. నువ్వు నా కోసం రోజు తిప్పుతుంటివి చూడు, తిప్పి ఇడిసిపెడితే అది ఎనుకకు తిరిగేటప్పుడు టిక్కు టిక్కుమని కొట్టుకుంటది. నేను పక్కన కూసోని లెక్కపెడుతుంటి, ఊకె, ఏం తోచక. మొదటిది మూడు. ఆఖరి బొక్కల నువ్వు ఏలు పెట్టినప్పుడు పది. వడ్లు కొలిచినదాన్ని గదా బిడ్డా, కొలత మరుస్తనా? నువ్వు కలుపనన్నంక ఒకనాడు ఆ మీటను ఒత్తితే గసొంటి టిక్కే ఇనొచ్చింది. కొట్టుకుంట పోయిన. ముందుగాల ఎవరెవరికో పోయింది. ఒకాయన పోలీసోణ్ని అన్నడు. రాముడు మేలు జేసె, వారం దినాలకు అది దొరికింది."

"సావుకారికి తెలిస్తే?"

అవ్వ గొట్టాన్ని కొంగుతో తుడిచింది. "కోపం నా కొడుకుకు ఉన్నది. నాకు లేదు గదా" అంది. తర్వాత మెల్లగా, "పెట్టె చేయిస్తడట గదా, శుక్కురారం" అంది. ఆ మాటలో అడగడం లేదు, బతిమాలడం లేదు. ఒకసారి అడిగి తీర్పు విన్న మనిషి మళ్లీ ఎందుకు అడుగుతుంది?

ఆ రెండు రోజులూ నాకు అదే ఆలోచన. నేను నిజం కోసం సర్కారుకే ఏడు పేజీలు రాసినవాడిని. ఆ ఏడు పేజీలూ తప్పు. ఆ తప్పును నేనే శుక్రవారం రుజువు చేస్తే శాస్త్రం గెలుస్తుంది, టేకు పెట్టె వస్తుంది, ఒంటిగంటకు ఆ ముఖం మళ్లీ విచ్చుకోదు. నేను తప్పునే పట్టుకుని వేలాడితే అన్నీ ఉన్నచోటే ఉంటాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. మా బావ ముప్పై ఏళ్లుగా మిషను తొక్కినవాడు, వేళ్లలోనే తాళం ఉంది. ఆ చేతికి సున్నా గుట్టు చిక్కిందంటే మొదటి దెబ్బకే కలిపేస్తాడు.

శుక్రవారం పొద్దున సావుకారి గద్దె మీద, అవ్వ మూటల మీద, వీధి సగం గడప మీద. నంబరు కంపౌండరన్న పనిచేసే డాక్టరుది. అన్న అక్కడే ఫోను పక్కన కూర్చుని ఉండాలి, మోగితే నేను ఓడినట్టు. ఆ నంబరును పట్టుబట్టి ఎంచింది నేనే. అందులో మూడో అంకె సున్నా. "గొట్టం నువ్వే పట్టుకో, నీకే ఎరుక" అన్నాడు సావుకారి. నేను గొట్టం చెవికి ఆనించుకున్నాను. బావ వేలు విరుచుకుని మొదటి అంకె కొట్టాడు. ఆహా, ఏం చెయ్యి! ఎక్కడా కుట్టు తప్పలేదు. రెండో అంకె కూడా అంతే.

"సున్నా వచ్చింది" అన్నాడు బావ వేలు గాలిలో పెట్టి. "ఇప్పుడేం జెయ్యాలె?"

"ఏం జెయ్యద్దు. సున్నా అంటే ఏం లేదు. ఒక గడియ ఊకుండి నాలుగోది కొట్టు."

బావ ఊరుకున్నాడు. వీధి అంతా ఊపిరి బిగబట్టి సున్నాను గౌరవించింది. తర్వాత ఆఖరి అంకె కొట్టాడు. మూడు అంకెలు అందుకున్న ఎక్స్ఛేంజీ నాలుగో దాని కోసం మౌనంగా ఎదురుచూస్తోంది. ఆ సంగతి ఆ గదిలో నాకూ, ఇంకొకరికీ మాత్రమే తెలుసు. "చప్పుడు లేదు" అన్నాను. రెండోసారి కూడా అంతే. మూడోసారి కూడా కలవకపోయేసరికి బావకు అనుమానం వచ్చింది. "సున్నాకు ఒక్కటన్న కొడితే?" అన్నాడు. "ఒకటి కొడితే ఒకటయితది, సున్నా ఎట్లయితది? లెక్కల సార్లు ఇంటే ఉరి పెట్టుకుంటరు!" అని నేను కసిరాను, నిజంగానే ఒళ్లు మండినట్టు. ఉక్రోషం పట్టలేక బావ ఆ మీటను దబదబా నాలుగైదు సార్లు బాదాడు.

ఎక్స్ఛేంజీకి నాలుగో అంకె దొరికిపోయింది; నా చెవిలో ఎక్కడో గంట మోగడం మొదలైంది. గుండె ఎందుకు ఆగుతుందో నాకు అప్పుడు తెలిసింది. గంట ఆగింది. "హలో? ఎవలు?" అంది ఒక ఆడగొంతు.

గొట్టాన్ని చెవిలోకి దూరేంతగా అదుముకున్నాను. "ఏమన్న వస్తాందా?" అన్నాడు సావుకారి.

"ఏం లేదు" అన్నాను.

"హలో! మాట్లాడవేందిరా?" అంది గొంతు.

"గాలి హోరు తప్ప ఏం లేదు" అన్నాను.

"పట్టపగలు ఆడోళ్లకు ఫోన్ జేసి గాలి హోరంటావురా? నీ నోట్ల మన్నువడ! ఎవని కొడుకువురా నువ్వు?"

"పూర్తిగ నిశ్శబ్దం" అన్నాను. చెవి కాలిపోతోంది. బావ నా ముఖం వైపు అనుమానంగా వంగాడు. సరిగ్గా అప్పుడే వెనుక మూటల మీద నుంచి అవ్వ గట్టిగా కేక వేసింది. "ఫోను ఇరగ్గొడ్తవార ఏంది? బట్టలు కుట్టుకునేటోనికి గీ పనులెందుకు? ఇగ చాలు, లేవుండ్రి!" సావుకారి ఉలిక్కిపడి, చాలు చాలు అన్నాడు. నేను గొట్టం పెట్టేశాను. నేనే గెలిచానని వీధి ప్రకటించింది. సావుకారి నా వీపు తట్టాడు. డాక్టరు దగ్గర నుంచి పరుగున వచ్చిన కంపౌండరన్న, "సత్యానికి జయం తమ్మీ" అని నా చేతులు రెండూ పట్టుకున్నాడు. నేను ఆయన కళ్లలోకి చూడలేకపోయాను.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. కానీ సర్కారు ఉత్తరాలు చదువుతుంది. మూడు వారాల తర్వాత ఆదివారం, శ్రోతల ఉత్తరాల కార్యక్రమంలో నా పేరు వినిపించింది. ఆ వేళకు టైలరు షాపులో మేమంతా ఉన్నాం. నా ఉత్తరం చదువుతారేమోనని సావుకారి కూడా వచ్చాడు, మూడు వారాలుగా ఆయనే అందరికీ చెప్పుకుంటున్నాడు. నా ఏడు పేజీల్లోంచి రెండే రెండు వాక్యాలు చదివింది రేడియో అక్కయ్య. తర్వాత తీయగా నవ్వింది. "సున్నాకు పది దెబ్బలని టెలిఫోన్ సంగతి కొంచెం తెలిసిన వారెవరైనా చెబుతారు. ఈ శ్రోత గారు ఎప్పుడూ ఫోను దగ్గరగా చూసి ఉండరు, పాపం."

ఫోను చూసి ఉండననా! నేనా! మొలతాడుకు... సరే. బావ మెల్లగా తలెత్తాడు. పది అని వేళ్లు లెక్కపెట్టుకున్నాడు. "సావుకారీ, మళ్ల ఒక్కసారి కొడ్త. ఇప్పుడే పోదాం పాండ్రి" అన్నాడు. నా మొత్తం పరువు ఆ ఒక్క మాట మీద ఉంది. ఒప్పుకుంటే, తప్పు తెలుసుకున్న పెద్దమనిషినని అనిపించుకుంటాను. నేను లేచి నిలబడ్డాను.

"అది పట్నం ఫోన్ల సంగతి" అన్నాను. "మన వరంగల్ ఎక్స్ఛేంజీ వేరు. ఒకసారి పరీక్ష అయిపోయింది, అయిపోయిందంతే. మళ్ల ముట్టనియ్య."

ఎంత బుద్ధిహీనమైన మాటో నాకు తెలుసు. జనం గొల్లున నవ్వారు. "భయపడ్తాండు!" అన్నాడు బావ చప్పట్లు కొట్టి. "అరే, సున్నా సారు భయపడ్తాండు!" కంపౌండరన్న మాత్రం నవ్వలేదు; తప్పు ఒప్పుకోవడం దేవునికి ఇష్టమని నాకు బుద్ధి చెప్పాడు. సావుకారి చాలాసేపు నా వైపే చూశాడు. చివరికి కండువా దులుపుకుని లేచాడు. "రేడియోల చెప్పింది ఇనాల్నా, నా కండ్లతోని నేను చూసింది నమ్మాల్నా? పెట్టె లేదు, గిట్టె లేదు. పోండ్రి, ఎవల పని వాళ్లు చూసుకోండ్రి" అన్నాడు.

బావ మర్నాడే డాక్టరు ఫోను మీద సున్నాకు పది కొట్టి, చక్రం ముట్టకుండా మార్కెట్లో ఎవరితోనో మాట్లాడాడట. ఊరంతా చెప్పాడు. ఇంకేం, నేను మట్టెవాడలో ఉన్నన్ని రోజులూ సున్నా సార్‌నే. పిల్లలు నేను కనబడితే పదిసార్లు చప్పట్లు కొట్టేవాళ్లు. పెళ్లిచూపులకు వెళితే అక్కడా ఎవరో, "ఆ సున్నా అబ్బాయేనా?" అని అడిగారు. అడిగిన పిల్లనే చేసుకున్నాను. మా ఆవిడకు కూడా ఈ సంగతి ఇప్పుడు ఇది చదివితేనే తెలుస్తుంది.

రేడియోలో పరువు పోయిన మర్నాడు, ఒంటిగంటకు భోజనానికి లేచి, మొలతాడు విప్పి, తాళంచెవిని తీసి అవ్వ చేతిలో పెట్టాను. రెండేళ్ల కింద ఇవ్వాల్సింది. నా జీవితంలో నేను చేసిన ఒకే ఒక్క ఘనకార్యం అని అనుకున్నాను. అవ్వ దాన్ని తడిమి చూసింది, వాసన చూసింది, మళ్లీ నా చేతిలోనే పెట్టింది.

"గిదెందుకు బిడ్డా నాకు? కండ్లు కనబడవు, ఆ బొక్కల ఏ ఏలు ఏడ పెట్టాలె? కొలుసుడే నయం. నువ్వు పోయి తినిరా. జర తలుపు దగ్గరికెయ్యి, బయట లొల్లికి లెక్క తప్పుతాంది."

తలుపు దగ్గరికి వేసి వెళ్లాను. ఆనాటి నుంచి గంటసేపటి నా భోజనం గంటంబావు అయింది.

ఇంతవరకు రాసింది చదివి వినిపిస్తే మా మనవరాలు సెల్‌ఫోను పక్కన పెట్టి, "అంటే ఆ అవ్వ హ్యాకరా తాతా!" అంది నోరు తెరిచి. ఏమో, నాకు ఆ మాటలు తెలియవు. దాని పాస్‌వర్డు మాత్రం అదే పూట మార్పించాను. కొత్తది నాకూ చెప్పవద్దన్నాను. తర్వాత బీరువాలో నుంచి ఆ తాళంచెవి తీసి చూపించాను. తుప్పు పట్టింది, పాత మొలతాడు ముక్క ఇంకా అంటుకునే ఉంది. "ఇది ఇప్పుడు దేన్ని తెరుస్తది?" అని అడిగింది. దేన్నీ తెరవదు అన్నాను. దాన్ని మొలలో కట్టుకుని వీధిలో ఛాతీ విరుచుకుని నడిచిన ఆ ఇరవై ఏళ్ల కుర్రవాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. అప్పుడు మాత్రం ఏం తెరిచింది గనుక!